బ్రీహిదా ఓల్మోస్ పేరిట ఒక బిల్లు

2013 జూన్ 27, గురువారం. ఆ మధ్యాహ్నం మా ఆఫీసులో మేం తిన్నవి ఎన్చిలాదాలు. మొక్కజొన్న రొట్టెల్ని చుట్టకుండా ఒకదానిమీద ఒకటి పేర్చి, ఎండుమిరపకాయల ఎర్రగుజ్జు పోసి, పైన గుడ్డు వేసే రకం. బ్రీహిదా ఓల్మోస్ పొద్దున్నే లేచి చేసి, తువ్వాలు చుట్టిన గిన్నెలో పట్టుకొచ్చింది. అప్పటికి నా భార్య ఎల్వా పోయి ఏడాది దాటింది. డబ్బా సూపులు వేడిచేసుకు తాగి తాగి నా నాలుక రుచి మరిచిపోయిన రోజులు. ఆ కారానికి కళ్లలో నీళ్లు తిరిగితే, ఇంకా ఇంత ప్రాణం ఉందా నాలో అని నాకే ఆశ్చర్యమేసింది.

గోడమీది టీవీలో సెనేటర్లు ఒక్కొక్కరే తమ బల్లల దగ్గర లేచి నిలబడి ఓటు చెప్తున్నారు. సరిహద్దు భద్రతనీ, వలసల సంస్కరణనీ ఒకే మూటగా కట్టిన పెద్ద బిల్లు అది. కాగితాలు లేకుండా ఏళ్ల తరబడి దేశంలో ఉన్నవాళ్లకి ఒక దారి చూపిస్తామంది. అరవై ఎనిమిది మంది అవునన్నారు, ముప్పై రెండు మంది కాదన్నారు. ప్రేక్షకుల వరసల్లో ఎవరో కేకలు పెట్టారు. మా ఆఫీసులో ఫోన్లు ఎత్తే చాయో, చేతిలో ఫోర్కు అలాగే ఉండగా కుర్చీలోంచి లేచి గంతులేసింది.

నేను ఆ ఆఫీసులో జనం అర్జీలు చూసేవాణ్ణి. సెనేటర్ గారు వాషింగ్టన్‌లో ఉంటారు. ఆయన పేరున్న బోర్డు కింద, దక్షిణపు సరిహద్దు నదిని ఆనుకున్న రియో గ్రాందే లోయలో, నేనూ చాయో ఉంటాం. పింఛను ఆగిపోయిన ముసలివాళ్లు, యుద్ధాల నుంచి తిరిగొచ్చినవాళ్లు, కాగితాలు లేనివాళ్లు మా దగ్గరికి వస్తారు. కాలేజీలో నేను చదివింది రాజనీతి శాస్త్రం. ఆ చదువు వల్ల ఆ రోజు నాకు కలిగిన లాభం ఒకటే, ఒక సభలో నెగ్గింది ఇంకా చట్టం కాదని గుర్తుండడం.

"అయితే అయిపోయినట్టేనా, దోన్ ఆన్సెల్మో?" అంది బ్రీహిదా. మా దగ్గర మర్యాదకి మగవాళ్లని దోన్ అనీ, ఆడవాళ్లని దోన్యా అనీ పిలుస్తారు.

"సగం అయింది, దోన్యా బ్రీహిదా. ఇంకా కింది సభ ఉంది."

"మీరెప్పుడూ సగమే చెప్తారు. పాపం ఎల్వా గారు మీతో ఎలా వేగారో."

"పెళ్లిలో కూడా ఈయన సగం ప్రమాణమే చేశాట్ట," అంది చాయో నోటినిండా పెట్టుకుని. "మిగతా సగం వాషింగ్టన్ నుంచి వచ్చాక చేస్తానన్నాట్ట."

ఇద్దరూ నవ్వుకున్నారు. నేనూ నవ్వాను. బ్రీహిదా మాత్రం నవ్వుతూనే టీవీ వంక ఇంకోసారి చూసింది. ఆ బిల్లు మీద ఆమె పెట్టుకున్నది ఎంతో ఆ గదిలో ముగ్గురికీ తెలుసు.

అది చెప్పాలంటే ఆమె పేరిట ఉన్న చిన్న బిల్లు సంగతి చెప్పాలి.

బ్రీహిదా ఇరవై ఏళ్ల వయసులో నది దాటి వచ్చింది. పెకాన్ కాయలు ఏరే షెడ్డులో పనికి చేరింది. అక్కడే తోమాస్ లుహాన్ పరిచయమయ్యాడు. కాలువ తూములు ఎత్తే ఉద్యోగం ఆయనది. ఉత్తరాన కొండల్లో ఓ పల్లెటూరివాడు, తాతముత్తాతల నుంచి ఈ దేశపు పౌరుడు. పెళ్లి చేసుకుని ఆమె కాగితాలకి దరఖాస్తు పెట్టాడు. అవి తెమిలేలోగా, ఒక వేసవి పొద్దున్న, తూము చక్రం తిప్పుతూ తిప్పుతూ గుండె ఆగి పడిపోయాడు. అడిగినవాడు పోయాడు కాబట్టి అర్జీ కూడా పోయినట్టేనని వలస శాఖవాళ్లు చెప్పారు. పిల్లలు లేరు. ఆయన్ని ఆయన కోరుకున్నట్టే కొండల్లో ఉన్న ఊళ్లో తల్లిదండ్రుల పక్కన పాతిపెట్టారు.

ఆ ఊరికి వెళ్లాలంటే హైవే మీద చెక్‌పోస్టు దాటాలి. మా దగ్గర సరిహద్దు నదితో అయిపోదు. ఉత్తరంగా గంటసేపు ప్రయాణిస్తే రోడ్డుకి అడ్డంగా ఓ రేకుల కప్పు, దాని కింద ఆకుపచ్చ బట్టల్లో కాపలావాళ్లు, ఒక కుక్క. ప్రతి కారూ ఆగాలి. నదికీ ఆ కప్పుకీ మధ్య మా లోయలో, కాగితాలు లేనివాళ్లు పెళ్లిళ్లు చేసుకుని, ముసలివాళ్లై, పోతారు కూడా. దక్షిణానికి పోతే తిరిగి రాలేరు, ఉత్తరానికి అసలు పోలేరు.

సెనేటర్ తలుచుకుంటే ఒకే ఒక్క మనిషి కోసం బిల్లు పెట్టొచ్చు. 'బ్రీహిదా ఓల్మోస్‌కు ఉపశమనం కల్పించుటకు' అని పైన ఉంటుంది. అది నెగ్గదు. నెగ్గుతుందని ఎవరూ అనుకోరు కూడా. కమిటీ బల్లమీద అది పడి ఉన్నంతకాలం వలస శాఖ ఆ మనిషి జోలికి రాదు, అంతే. పడి ఉండడమే దాని పని. రెండేళ్లకి ఎన్నికలై కొత్త కాంగ్రెస్, అంటే రెండు సభలూ, కూర్చోగానే పాత బిల్లులన్నీ చచ్చిపోతాయి, మళ్లీ పెట్టాలి. మా సెనేటర్ గారు ఒక్కసారికి ఒక్కరి పేరే పెట్టేవారు. రెండు పెడితే కమిటీవాళ్లు రెండూ తోసేస్తారని ఆయన నమ్మకం. అలా ఐదు కాంగ్రెస్‌లు, ఆ ఒక్క పేరూ బ్రీహిదాదే. దాని అండతో ఆమె తన ఇంట్లో తాను నిద్రపోయింది, ఏడాదికోసారి, నవంబరులో చనిపోయినవాళ్ల పండగనాడు, చెక్‌పోస్టు దాటి వెళ్లి తోమాస్ సమాధి ఊడ్చి వచ్చింది. ఆమె అడిగినవి ఆ రెండే, ఉండనివ్వడమూ, ఏడాదికి ఓ రోజు వెళ్లనివ్వడమూ.

2013 ఫిబ్రవరిలో, ఆరోసారి పెట్టాల్సిన వేళ, యదీరా అనే అమ్మాయి మా ఆఫీసుకి వచ్చింది. చంకలో మూడేళ్ల కూతురు ఇత్సెల్. పిల్ల పెదవులు నేరేడు పండు తిన్నట్టు నీలంగా ఉన్నాయి. గుండెలో గోడ సరిగ్గా ఏర్పడలేదట. ఆపరేషన్ చేసే డాక్టరు ఉత్తరాది నగరంలో ఉన్నాడు, ఒకటి కాదు, మూడుసార్లు చెయ్యాలన్నాడు. పిల్లకి అడ్డం లేదు, ఇక్కడే పుట్టింది. అడ్డమంతా తల్లికే.

"ఎవరితోనైనా పంపించమంటున్నారు," అంది యదీరా. "ఎవరితో పంపను? సూది చూస్తేనే గుక్కపడుతుంది. గుక్కపడితే నల్లబడిపోతుంది. దాన్ని ఎలా పట్టుకోవాలో నాకొక్కదానికే తెలుసు."

బ్రీహిదా ఆ రోజు తన బిల్లు పని మీదే వచ్చి పక్క కుర్చీలో కూర్చుంది. సంచిలోంచి పెకాన్లు తీసి చేత్తోనే పగలగొట్టి, పప్పు చిన్న ముక్కలు చేసి ఇత్సెల్ నోట్లో పెడుతోంది. పిల్ల కొత్త లేకుండా నోరు తెరుస్తోంది. నేను ఉన్న దారులన్నీ చెప్పాను. యదీరా అప్పటికే అన్ని తలుపులూ తట్టి వచ్చింది. చివరికి, చూస్తాను, రెండు రోజుల్లో ఫోన్ చేస్తానన్నాను. ఆమె వెళ్లిపోయాక బ్రీహిదా తన ఒళ్లోని తొక్కలు దులిపి చెత్తబుట్టలో వేసింది.

"ఈసారి నా పేరు వద్దు," అంది. "ఆ పిల్ల తల్లి పేరు పెట్టించండి."

"అలా కుదరదు, దోన్యా బ్రీహిదా."

"ఎందుక్కుదరదు? ఒక్క పేరే పడుతుందని మీరేగా చెప్పారు. ఆ ఒక్కటీ దాని పేరు."

"మరి మీరో?"

"నాకు పెద్దది వస్తోందిగా! రేడియోలో అదే, గుళ్లో ఫాదరీ అదే, మంగలి షాపులో అదే. మొన్న మీరే అన్నారు, ఈసారి రెండు పార్టీలవాళ్లూ ఒకే బల్ల దగ్గర కూర్చున్నారని. పదేళ్లుగా మీ నోట అంత మంచి మాట వినలేదు నేను."

అన్న మాట నిజమే. ఆ శీతాకాలం దేశంలో నమ్మనివాడు లేడు. ఎన్నికలు అప్పుడే అయ్యాయి, ఓడినవాళ్లు కూడా ఇక ఈ పని చేసెయ్యాల్సిందేనని టీవీల్లో చెప్తున్నారు. వాషింగ్టన్ ఆఫీసులో ఈ బిల్లుల పని చూసే మెరెడిత్‌కి ఫోన్ చేశాను. తెలివైన పిల్ల, ఎప్పుడూ నిద్ర చాలనట్టు మాట్లాడుతుంది.

"ఇంకెన్ని నెలలు, ఆన్సెల్మో?" అంది. "పెద్ద బిల్లు రాసేవాళ్లు మా పక్క గదిలోనే ఉన్నారు. బ్రీహిదా గారు దాంట్లో హాయిగా ఇమిడిపోతారు. ఆమె ఒప్పుకుంటే మనం పాప ప్రాణం కాపాడొచ్చు. ఒకరి మీద ఒకరిని తూచే పని లేకుండా ఇద్దరూ గట్టెక్కుతారు."

తూచే పని లేకుండా అన్న ఆ మాట నాకూ ఎంతో ఊరటనిచ్చింది.

మార్చిలో యదీరా పేరిట బిల్లు పడింది. బ్రీహిదా ఒక్కటే షరతు పెట్టింది. "ఆ అమ్మాయికి చెప్పొద్దు. చెప్పారో, ప్రతి పండక్కీ ఏదో ఒకటి వండి పట్టుకొచ్చి నా ప్రాణం తీస్తుంది. దాని వేళ్లు చూస్తేనే తెలుస్తోంది, పిండి కలపడం రాదు దానికి."

అలా ఆ జూన్ మధ్యాహ్నం ఎన్చిలాదాల దగ్గరికి వచ్చాం.

పై సభలో నెగ్గడానికి ఆ బిల్లుకి చివర్లో ఒక తోక తగిలించారు. నది పొడవునా కాపలావాళ్లని ఇంకో ఇరవై వేల మందిని పెడతామన్నారు, మరిన్ని వందల మైళ్ల కంచె కడతామన్నారు. మా ఊళ్లో అందరూ మొదట మొహం చిట్లించి తర్వాత ఒప్పుకున్నారు, దారికి టోల్ కట్టినట్టే అనుకుని. మంగలి మాత్రం సంతోషించాడు, వాళ్లంతా పొట్టి జుట్టువాళ్లు, వారం వారం వస్తారని.

"నా ఒక్కదాని కోసం ఇరవై వేల మంది మగాళ్లనా!" అంది బ్రీహిదా. "తోమాస్ బతికుంటే కుళ్లి చచ్చేవాడు."

తర్వాత కింది సభ. మేం వేరే పద్ధతిలో చేస్తామన్నారు ముందు. ముక్కలు ముక్కలుగా చేస్తామన్నారు తర్వాత. సెలవుల తర్వాత అన్నారు. అక్టోబరులో ఖర్చుల బిల్లు నెగ్గక ప్రభుత్వమే కొన్నాళ్లు మూతపడింది. మా ఆఫీసు తలుపుకి కాగితం అంటించి ఇంటికి పోయాను. తెరిచాక మళ్లీ రోజూ పొద్దున్నే రేడియో పెట్టేవాణ్ణి. ఎల్వా ఉన్నప్పుడు వార్తలు మొదలవగానే దాని గొంతు తగ్గించేది, కాఫీ చేదెక్కుతుందని. ఇప్పుడు తగ్గించేవాళ్లు లేక పూర్తిగా వినాల్సి వచ్చేది. ఏ రోజూ కింది సభవాళ్లు కాదనలేదు. అవునూ అనలేదు.

ఆ నవంబరులో బ్రీహిదా ఉత్తరానికి వెళ్లలేదు. పాత బిల్లు పోయాక కొన్నాళ్లు మిగిలే గడువు కూడా ఆమెకి వసంతంలోనే అయిపోయింది. "వచ్చే ఏడు అసలు కాగితంతో వెళ్తా," అంది. "ఆ కుక్క మొహం మీద ఊపి మరీ వెళ్తా." బంతిపూలు ఇంట్లోనే తోమాస్ ఫోటో దగ్గర పెట్టింది. ఈలోగా ఇత్సెల్‌కి రెండు ఆపరేషన్లు అయ్యాయి. చాయో ఆఫీసు గోడమీద పిల్ల ఫోటో అంటించింది, గులాబీ రంగు పెదవులతో.

మరుసటి వేసవిలో పెద్ద బిల్లు పోయింది. పోయిందని ఎవరూ గట్టిగా చెప్పలేదు. ఈ ఏడు ఓటు పెట్టబోమని ఎవరో ఎవరికో ఫోన్‌లో చెప్పారట, అది పేపర్లో వచ్చింది. జబ్బుమనిషి గదిలో దీపం తీసేసి అందరూ మెల్లగా బయటికొచ్చినట్టు ఉంది. రెండు వారాలు తిరక్కుండా బ్రీహిదాకి పిలుపు వచ్చింది, సెప్టెంబరులో, లోయలోనే నది ఒడ్డున ఉన్న నగరంలోని వలస శాఖ ఆఫీసులో హాజరు కమ్మని. అలాంటి పిలుపు మీద వెళ్లినవాళ్లలో కొందరు అటునుంచి అటే నది అవతల తేలతారు.

మెరెడిత్ ఆ సాయంత్రమే ఫోన్ చేసింది. "ఒక దారి ఉంది," అంది. గొంతు మరీ నీరసంగా ఉంది. "యదీరా బిల్లు వెనక్కి తీసుకుంటే, దాని చోట బ్రీహిదా గారిది మళ్లీ పెట్టొచ్చు. సెనేటర్ గారు ఒప్పుకున్నారు. మూడో ఆపరేషన్ ఎప్పుడు?"

"నవంబరు చివర్లో."

"నేను అడగమనడం లేదు, ఆన్సెల్మో. ఉందని చెప్తున్నానంతే. చెప్పకపోతే రేపు నాకు నిద్ర పట్టదు."

ఆమె మీద నాకు కోపం రాలేదు. పొద్దుపోయాక పనిమానేసి ఇంటికి పోవాల్సిన పిల్ల, కూర్చుని దారి వెతికింది. నేను కారు తీసి బ్రీహిదా ఇంటికి వెళ్లాను. వరండాలో కూర్చుని పచ్చిమిరపకాయలు కాల్చి తొక్క తీస్తోంది. ఒక పళ్లెం నా ముందుకి తోసింది. నేనూ తొక్కలు తీస్తూ మెరెడిత్ చెప్పింది చెప్పాను.

"ఆ పిల్లని అడిగారా?"

"లేదు."

"అడిగితే ఏమంటుందో తెలుసా? సరేనంటుంది. ఏడ్చుకుంటూ సరేనంటుంది. నన్ను అప్పుడేం చెయ్యమంటారు? ఆ గోడమీది ఫోటో చూస్తూ మీ ఆఫీసులో కూర్చోమంటారా?"

"మిమ్మల్ని పంపించేస్తారేమో, దోన్యా బ్రీహిదా."

"తెలుసు." చేతిలోని కాయని కొనదాకా శుభ్రం చేసి పళ్లెంలో పెట్టింది. "అవతల నాకు తెలిసినవాళ్లు ఎవరూ లేరు. మా అక్క కూడా పోయింది. ఈ వరండా తప్ప కూర్చునే చోటు లేదు నాకు. అయినా సరే, అది మాత్రం అడక్కండి." తర్వాత, "వేళ్లు కళ్లలో పెట్టుకోకండి, మండుతుంది," అంది. నేను అప్పటికే పెట్టుకున్నాను. అందువల్ల నా కళ్ల సంగతి ఇద్దరం మాట్లాడకుండా గడిచిపోయింది.

సెప్టెంబరులో ఆ నగరానికి నేనే తీసుకెళ్లాను. చిన్న సంచిలో ఒక జత బట్టలు, మందులు, తోమాస్ ఫోటో సర్దుకుంది, అటునుంచే పంపేస్తే ఉంటాయని. బెంచీల మీద జనం కిక్కిరిసి ఉన్నారు. మధ్యాహ్నం దాటాక పిలిచారు. బరాహాస్ అనే అధికారి. నావంటి పేరు, నావంటి రంగు, కళ్ల కింద నల్లటి సంచులు. బల్ల మూలన తినని సాండ్‌విచ్ ఎండిపోతోంది. ఎండలోంచి వచ్చిన బ్రీహిదా మొహం చూసి, తన వైపు తిరిగి ఉన్న ఫ్యానుని ఆమె వైపు తిప్పాడు. ఆ ఒక్క పనితో నాకు ఆయన మీద ఆశ కలిగింది.

"ఐదుసార్లు మీ పేరిట బిల్లు పడిందే," అన్నాడు తెర మీద చూస్తూ. "ఆరోసారి ఏమైందమ్మా? సెనేటర్ గారికి కోపమొచ్చిందా?"

"లేదు బాబూ. పెద్దది వస్తుందన్నారు."

ఆయన తెర మీంచి కళ్లెత్తాడు. "ఆ పెద్దదా?"

"ఆ పెద్దదే."

"మా అత్తగారు కూడా దాని కోసమే కూర్చున్నారు," అన్నాడు. అనగానే అనకూడనిది అన్నట్టు గొంతు సవరించుకున్నాడు. కాసేపు ఏవో మీటలు నొక్కాడు. బయట ఎవరి పిల్లో ఏడుస్తోంది. "చూడండమ్మా. ఈ రోజుకి ఇంటికి వెళ్లండి. ఏడాది పోయాక మళ్లీ వచ్చి కనబడాలి. అప్పుడు ఈ కుర్చీలో ఎవరుంటారో నాకు తెలీదు, వాళ్లేమంటారో కూడా తెలీదు. ఈలోపు లోయ దాటొద్దు. చెక్‌పోస్టు ఛాయలకే వెళ్లొద్దు. అక్కడివాళ్లు వేరే శాఖ, నా మాట చెల్లదు. ఆపితే నేరుగా నది అవతలికే."

"నవంబరులో ఒక్క రోజు బాబూ. మా ఆయన సమాధి..."

"వద్దమ్మా," అన్నాడు. మెత్తగానే అన్నాడు.

తిరిగొచ్చేటప్పుడు ఆమె సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. వెయ్యి పేజీల బిల్లు చెయ్యలేనిది, ఆకలిగా ఉన్న ఒక మనిషి మధ్యాహ్నం వేళ చేశాడు. అది సంతోషించాల్సిన సంగతో భయపడాల్సిన సంగతో నాకు తేలలేదు. "ఏడాది ఇచ్చాడు," అంది ఆమె ఊరు కనబడ్డాక. "మంచివాడు. అన్నం తినలేదు పాపం."

అక్టోబరు ఆఖరి ఆదివారం, పూజ అయ్యాక నేనూ బ్రీహిదా చాయో గుడి ముందు నిలబడి ఉన్నాం. యదీరా కూతుర్ని నడిపించుకుంటూ మా దగ్గరికే వచ్చింది. మనిషి కాస్త ఒళ్లు చేసింది. ఇత్సెల్ మెట్ల మీద ఎక్కి దిగి ఎక్కి దిగి అలిసిపోకుండా ఆడుతోంది.

"పిన్నీ, బాగున్నారా? మీ గురించి విన్నాను. కాగితాల గొడవటగా?"

"ఆ, ఏదోలే అమ్మా. ఉండేదే."

"మీరూ అడగొచ్చు కదా! నాకు సెనేటర్ గారు నా ఒక్కదాని పేరు మీదే బిల్లు పెట్టారు, తెలుసా? వాషింగ్టన్‌లో! అడిగితే పెడతారు పిన్నీ. మీరు అడగరు, అదీ మీతో చిక్కు." నా వైపు తిరిగింది. "దోన్ ఆన్సెల్మో, మీరైనా చెప్పొచ్చుగా? ఇంత పరిచయం ఉండి ఈవిడకి ఒక్క మాట సాయం చెయ్యరా?"

నా పక్కన చాయో దేవుడి వంక చూస్తున్నట్టు ఆకాశంలోకి చూసింది.

"అడుగుతానమ్మా," అంది బ్రీహిదా. "ఆయనకి మతిమరుపు, నాలుగుసార్లు అడిగితే గానీ చెయ్యడు. పాపకి స్వెటర్ తొడుగు, గాలి తిరిగింది."

"వచ్చే నెల మళ్లీ వెళ్తున్నాం. చెక్‌పోస్టులో ఇప్పుడు నన్ను గుర్తుపట్టి చెయ్యూపుతారు పిన్నీ. అటువైపు నుంచి మీకేమైనా కావాలా? సిగ్గుపడకుండా చెప్పండి."

బ్రీహిదా నోరు తెరవడం చూశాను. తోమాస్ ఊరు ఆ ఆపరేషన్ల నగరానికి గంట దూరం. అడిగితే యదీరా వెళ్లేది. కానీ ఎవరి సమాధి, మీరెందుకు వెళ్లడం లేదు, ఇన్నేళ్లు ఎలా వెళ్లారు అని అడిగేది కూడా. ఒక్కో ప్రశ్న దగ్గరా ఆ అమ్మాయి సంతోషం కొంచెం కొంచెం తెగేది.

"ఏం వద్దమ్మా," అంది. "జాగ్రత్తగా వెళ్లి రండి."

వాళ్లు వెళ్లాక చాయో ముక్కు ఎగబీల్చింది. "నేను చెప్పేస్తాను. ఏదో ఒక రోజు చెప్పేస్తాను. చిక్కుడు గింజల్లో రాయిలా ఎంతకాలం నములుతాం?"

"చెప్పావంటే నీ పళ్లు ఊడగొడతా," అంది బ్రీహిదా. తర్వాత నా వైపు చూడకుండా, షాల్ కొన సరిచేసుకుంటూ, "దోన్ ఆన్సెల్మో, మీ కారు కొండ ఎక్కుతుందా?" అంది.

నవంబరు రెండో తేదీ, పండగనాడు పొద్దున్నే ఎల్వా సమాధి దగ్గర పూలు పెట్టి, అటునుంచి అటే బయల్దేరాను. వెనక సీట్లో బ్రీహిదా ఇచ్చిన చీపురు, నీళ్ల సీసాలు, బంతిపూల బకెట్టు. రేకుల కప్పు కింద కుర్ర కాపలావాడు కారు ఆపాడు.

"పౌరులేనా, తాతా?"

"అవును."

"ఎక్కడికి?"

"సమాధి ఊడవడానికి."

"ఎవరిది?"

"స్నేహితురాలి భర్తది."

వాడు బకెట్టు వంక చూశాడు. ఆమె రాలేదేమని అడుగుతాడనుకున్నాను. అడగలేదు. ఆ కప్పు కింద నిలబడ్డవాడికి ఆ జవాబు తెలియకుండా ఉండదు. "పైన మంచు పడిందట, మెల్లగా వెళ్లండి," అని పక్కకి జరిగాడు.

రెండేళ్లుగా ఎవరూ రాని సమాధి. ముళ్లపొదలు అల్లుకున్నాయి. చెక్క శిలువ గాలికి ఒక పక్కకి ఒరిగిపోయింది. నా నడుము వంగనంటుంది, మోకాళ్ల మీద కూర్చుని ఊడ్చాను. అంత బాగా ఏం ఊడవలేదు. శిలువని నిలబెట్టి మొదట్లో రాళ్లు దట్టించాను. తోమాస్‌తో నాకు బతికుండగా పరిచయం లేదు. అయినా ఊరికే పూలు పెట్టి రావడం మర్యాద కాదనిపించి, ఆమె బాగానే ఉంది, పచ్చిమిరపకాయలు ఈ ఏడు బాగా కాశాయి, ఏడాది ఇచ్చారు అని చెప్పాను. కాసేపు చలిలో కూర్చుని లేచాను.

తిరిగొచ్చేసరికి పొద్దు వాలుతోంది. బ్రీహిదా గుమ్మం దగ్గర షాల్ కప్పుకుని నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచో నేను అడగలేదు. లోపలికి రమ్మంది. అలిసిపోయాను, ఇంటికి పోతానన్నాను.

"ఎలా ఉంది?"

అబద్ధం చెప్పాలనిపించలేదు. "ముళ్లు పెరిగాయి. తీశాను, మొత్తం రాలేదు. శిలువ ఒరిగింది. రాళ్లు పెట్టాను. మరో శీతాకాలం ఆగుతుందనుకుంటాను."

"ఏ వైపు ఒరిగింది?"

"వాళ్ల అమ్మ వైపు."

"ఒరుగుతాడు మరి," అంది. కాస్త నవ్వినట్టే ఉంది. "రాళ్లు ఆగవు. వచ్చే ఏడు సిమెంటు పట్టుకెళ్లండి. చిన్న సంచి చాలు. కలపడం వచ్చా మీకు?"

"రాదు."

"నేను చూపిస్తా. వచ్చే ఏడు నేను ఇక్కడుంటే చూపిస్తా. లేకపోతే చాయోని అడగండి, వాళ్ల నాన్న తాపీ పని చేసేవాడు."

"సరే," అన్నాను.

అల్యూమినియం కాగితంలో చుట్టిన వెచ్చటి పొట్లం ఒకటి నా చేతిలో పెట్టింది. కారు దాకా నడిచి వెనక్కి తిరిగి చూశాను. వీధి చివర కాపలావాళ్ల తెల్లటి బండి ఒకటి మెల్లగా వెళ్తోంది, అది రోజూ వెళ్లేదే. ఆమె అది పూర్తిగా మలుపు తిరిగేదాకా గుమ్మంలోనే నిలబడింది. తర్వాత వరండా దీపం ఆర్పి, చప్పుడు కాకుండా తలుపు వేసుకుంది.